భయానికి కొలత: మహమ్మారి కాలంలో ప్రశ్నావళి ఎలా తయారవుతుంది?

2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క బయటపెట్టింది. కోవిడ్ వచ్చిన మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయన్నది దాని సారం. అది చదివి ‘నూటికి పాతిక మందికి జబ్బు’ అనుకున్నవాళ్ళు నాకు చాలామందే తగిలారు. లెక్క అది కాదు. అంతకుముందు నూటికి నలుగురికి ఉంటే ఇప్పుడు ఐదుగురికి ఉందని అర్థం. నాలుగు మీద ఒకటి పెరిగితే పాతిక శాతం.

సరే, ఆ నలుగురిని మాత్రం ఎవరు, దేనితో లెక్కపెట్టారు? వైరస్‌కైతే ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. ఆక్సిజన్‌కు వేలికి క్లిప్పు పెట్టారు. గుండెలో గుబులుకు పెట్టే క్లిప్పు ఇంకా రాలేదు. మనిషిని కూర్చోబెట్టి అడగాలి, చెప్పింది రాసుకోవాలి, ఆ రాతకు అంకెలు వేయాలి. ఈ పనికి వాడే పరికరమే ప్రశ్నావళి. ఒక సర్వేలో సగం మంది భయంతో ఉన్నారని, ఇంకో సర్వేలో పదిమందిలో ఒకరేనని వస్తే, రెండు చోట్లా జనం ఒకే రకంగా ఉండొచ్చు, అడిగిన తీరు వేరై ఉండొచ్చు.

## ఏ భయాన్ని కొలుస్తున్నాం?

ఎదురుగా పాము కనిపిస్తే కలిగేది భయం. గడ్డివాములో పాము ఉందేమోనని రాత్రంతా నిద్ర పట్టకపోతే అది ఆందోళన. పాము ఊసు లేకపోయినా నెలల తరబడి పొలం వైపు అడుగు పడక, తిండి సహించక, పనులన్నీ ఆగిపోతే అప్పుడు డాక్టర్లు దాన్ని జబ్బు కింద చూస్తారు. ఈ మూడింట్లో దేన్ని కొలుస్తున్నామో మొదట్లోనే రాసి పెట్టుకోకపోతే, చివర్లో వచ్చే అంకె దేనికీ పనికిరాదు.

మహమ్మారిలో ఇంకో చిక్కుంది. అది భయపడటమే సబబైన కాలం. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడిలో బయటపడింది. ఆ మర్నాడు ట్రంకు రోడ్డులో సరుకులు కొనుక్కొచ్చి మూడుసార్లు చేతులు కడుక్కున్న మనిషిని ఏమనాలి? ‘చేతులు మాటిమాటికీ కడుక్కుంటున్నారా?’ అన్న ప్రశ్నకు 2019లో ‘అవును’ అంటే మనసులో ఏదో తేడా ఉందేమోనని చూడాల్సి వచ్చేది. 2020లో అదే జవాబుకు అర్థం, టీవీలో చెప్పిన మాట విన్నాడని. ప్రశ్న అదే, జవాబు అదే, కొలిచేది మాత్రం మారిపోయింది.

పైగా దేని గురించి ఆందోళన? జబ్బు అంటుకుంటుందనే కాదు. రొయ్యల గుంటలో సరుకు పట్టుబడికొచ్చి కొనేవాడు రాని రైతుది ఒక భయం. చీమకుర్తి క్వారీలో పని ఆగి, ఊరికి పోయే దారి లేని వలస కూలీది ఇంకొకటి. పాజిటివ్ అని తేలితే వీధి మొత్తం ముఖం తిప్పుకుంటుందేమోనన్నది మరొకటి. అంబులెన్సు వచ్చి క్వారంటైన్‌కు తీసుకుపోతుందేమోనని, పోతే కడసారి చూపు కూడా దక్కదేమోనని భయపడ్డవాళ్ళు వైరస్‌కు అంతగా భయపడలేదంటే నేను నమ్ముతాను.

కెనడా, అమెరికాల్లో తయారైన ‘కోవిడ్ స్ట్రెస్ స్కేల్స్’ అనే 36 ప్రశ్నల కొలత ఇలాంటి భయాలను ఐదు పాయలుగా విడదీసింది: జబ్బు అంటుకుంటుందన్న భయం, బతుకుదెరువు దెబ్బతింటుందన్న భయం, విదేశీయులు జబ్బు తెస్తారన్న భయం, పీడకలల్లాంటి లక్షణాలు, వార్తలూ ఒంటి సంగతీ మాటిమాటికీ చూసుకునే అలవాటు. ఇందులో మూడోదాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఉదయగిరిలో అడిగితే జవాబు చెప్పేవాడికి నవ్వొస్తుంది. ‘విదేశీయులు’ అక్కడ ఎవరున్నారు? 2020 మేలో మనవాళ్ళు జంకింది చెన్నై కోయంబేడు మార్కెట్‌కు పోయొచ్చిన లారీవాళ్ళను చూసి. ఆ మార్కెట్‌తో ముడిపడిన కేసులు అప్పుడు నెల్లూరు జిల్లాలోనూ బయటపడ్డాయి. బయటినుంచి వచ్చినవాడంటే భయం అక్కడా ఇక్కడా ఒకటే. బయటివాడు ఎవరన్నదే వేరు.

## ‘ఆందోళన’ అనే మాటతోనే తంటా

పుస్తకాల్లో యాంగ్జయిటీకి తెలుగు ‘ఆందోళన’. పేపర్లో అదే మాటకు ఇంకో పని కూడా ఉంది: ‘మద్దతు ధర కోసం రైతుల ఆందోళన’, ‘కలెక్టరేట్ ముందు అంగన్‌వాడీల ఆందోళన’. ఆత్మకూరు పక్కన ఏదో ఊళ్ళో సర్వే చేసే అమ్మాయి ఇలా అడిగిందనుకుందాం:

“అవ్వా, ఈ మధ్య మీకు ఆందోళనగా ఉంటోందా?”

“ఆందోళనా? యాడ జరగతా ఉంది నాయనా?”

అవ్వ తప్పేం లేదు. ఆమెకు తెలిసిన ఆందోళన అదే. ఆమె భయానికి ఆమె మాటలు ఆమెకున్నాయి: గాబరా, గుబులు, దిగులు, బెంగ, దడ, కంగారు, ఈ మధ్య అయితే టెన్షన్. ఇవన్నీ ఒకటే అనుకుంటే మళ్ళీ పొరపాటు. బెంగ దూరంగా ఉన్న మనిషి మీద పెట్టుకునేది, బెంగళూరులో ఉన్న కొడుకు మీద. దిగులులో దుఃఖం పాలు ఎక్కువ. దడ గుండెలో తెలుస్తుంది. కంగారు కాసేపు ఉండి పోతుంది. టెన్షన్ పరీక్షకూ ఉంటుంది, ఈఎంఐకీ ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు ప్రశ్నలు రాయడానికి కూర్చోకముందే పాతిక ముప్పై మందితో ఊరికే మాట్లాడతారు. ‘ఆ రోజుల్లో ఎలా ఉండింది మీకు?’ అని అడిగి, వాళ్ళు ఏ మాట వాడితే ఆ మాటనే రాసుకుంటారు. ప్రశ్నావళికి ముడిసరుకు అదే.

## ఇప్పటికే ఉన్న కొలతలు

కొత్తది తయారు చేసేముందు ఉన్నవాటిని చూడాలి. మూడింటి పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి.

జీఏడీ-7 అనే ఆందోళన కొలత కోవిడ్‌కు చాలా ముందే, 2006లో వచ్చింది. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. గత రెండు వారాల గురించి అడుగుతుంది. 5, 10, 15 దగ్గర గీతలుంటాయి: కొద్దిపాటి, మధ్యస్థం, తీవ్రం. ఇది ఏ కారణంతో వచ్చిన ఆందోళననైనా పట్టుకుంటుంది. ఆ కారణం కరోనాయా, కూతురి పెళ్ళా అన్నది మాత్రం చెప్పదు.

కోవిడ్-19 భయం స్కేలు 2020లో ఇరాన్‌లో 717 మందితో తయారైంది. అందులోనూ ఏడు ప్రశ్నలే, మార్కులు 7 నుంచి 35 వరకు. అదే ఏడాది మార్చిలో అమెరికాలో 775 మందితో తయారైన కరోనావైరస్ యాంగ్జయిటీ స్కేలు ఇంకా చిన్నది, ఐదే ప్రశ్నలు, ఐదూ ఒంటి గురించే: తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, కదల్లేకపోవడం, ఆకలి చావడం, కడుపులో తిప్పడం. కరోనా గురించి తలచుకున్నప్పుడో విన్నప్పుడో ఇవి వచ్చాయా అని అడుగుతుంది. మనసు గురించి అడగకుండా ఒంటి గురించి అడగడం మన దగ్గర బాగా పనికొచ్చే ఉపాయం. ‘నీ మనసు ఎలా ఉంది’ అంటే ‘పర్వాలేదు’ అనే మనిషి కూడా ‘అన్నం సహిస్తోందా’ అంటే నిజం చెబుతాడు.

## ఒక ప్రశ్నను మూడుసార్లు తిరగరాస్తే

నిద్ర గురించి ఒక ప్రశ్న కావాలనుకుందాం. ఆఫీసులో కూర్చుని రాస్తే ఇలా వస్తుంది:

‘గత రెండు వారాల్లో కరోనా సంబంధిత ఆలోచనల వల్ల మీరు తరచుగా ఆందోళనకు, నిద్రలేమికి గురయ్యారా?’

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆందోళన ఉండి నిద్ర పట్టినవాడు ఏమని చెప్పాలి? ‘తరచుగా’ అంటే ఒకరికి వారానికి రెండుసార్లు, ఇంకొకరికి రోజూ. ‘నిద్రలేమికి గురయ్యారా’ అని ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు. మాట్లాడే భాషలోకి దించుదాం:

‘కరోనా భయంతో మీకు నిద్ర పట్టడం లేదా?’

చెవికి బాగుంది, లెక్కకు ఇంకా అన్యాయం. ఎదుటి మనిషి ‘లేదు’ అన్నాడు. ఏం రాసుకోవాలి? ‘లేదు, పట్టడం లేదు’ అనా, ‘లేదు, నాకు అలాంటిదేం లేదు’ అనా? ‘ఆఁ’ అన్నా అదే గొడవ. ‘లేదా’తో ముగిసే తెలుగు ప్రశ్నకు జవాబు రెండు వైపులా తిరుగుతుంది. ఇద్దరు సర్వేవాళ్ళు ఒకే జవాబును రెండు గళ్ళలో టిక్కు పెట్టగలరు. పైగా ‘భయంతో’ అన్న మాట మగవాళ్ళను ముందే బిగదీస్తుంది. ‘నాకు భయమేంది’ అంటారు, రాత్రంతా కూర్చున్నా సరే.

‘పోయిన పదిహేను రోజుల్లో, కరోనా సంగతి ఆలోచిస్తూ నిద్ర పట్టని రాత్రులు ఎన్ని?’

ఇది మెరుగు. రెండు వారాలను మనవాళ్ళు పదిహేను రోజులనే అంటారు. జవాబు అంకెలో వస్తుంది. ‘కరోనా సంగతి ఆలోచిస్తూ’ అన్న ముక్క తీసేస్తే మాత్రం కొంప మునుగుతుంది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట గట్టు మీద, నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకునే మనిషి ‘పదిహేనూ’ అంటాడు. మే నెల ఒంగోలు ఉక్కలో కరెంటు పోయిన ఇంటివాళ్ళూ అదే అంటారు.

ఈ దశలో ఒక మంచి పరీక్ష ఉంది. ప్రశ్న చదివి వినిపించి జవాబు అడగరు. ‘నేనిప్పుడు ఏం అడిగానో మీ మాటల్లో చెప్పండి’ అంటారు. పదిమందితో ఇలా చేస్తే చాలు, సగం ప్రశ్నలు చెత్తబుట్టకు పోతాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయినా హడావుడి సర్వేల్లో మొదట ఎగ్గొట్టేది దీన్నే.

## తిరుగు అనువాదం ఎక్కడ మోసం చేస్తుంది

ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగులోకి తేవడానికి ఒక పద్ధతి ఉంది. ఒకరు తెలుగు చేస్తారు, మూలంలోని ఇంగ్లిష్ చూడని ఇంకొకరు దాన్ని మళ్ళీ ఇంగ్లిష్ చేస్తారు, రెండు ఇంగ్లిష్‌లూ కలిస్తే అనువాదం సరైనట్టు. వినడానికి తిరుగులేని పద్ధతి. దీనిలో ఒక బెజ్జం ఉంది.

జీఏడీ-7 మొదటి ప్రశ్నలో మూడు మాటలుంటాయి: నెర్వస్, యాంక్షస్, ఆన్ ఎడ్జ్. మూడోదాన్ని ఎవరైనా ‘అంచున ఉన్నట్టు’ అని రాశారనుకుందాం. తిరుగు అనువాదంలో అది చక్కగా ‘ఆన్ ఎడ్జ్’ అని తిరిగొస్తుంది. పరీక్ష పాసు. కానీ తెలుగులో దానికి అర్థం లేదు. ఏ అంచున? బావి అంచునా? మాటకు మాట పెట్టిన చెడ్డ అనువాదమే ఈ పరీక్షలో సులువుగా గట్టెక్కుతుంది. ‘ప్రతిదానికీ ఉలిక్కిపడుతున్నారా’ అని భావం పట్టుకున్న మంచి అనువాదం తిరిగొచ్చేటప్పుడు వేరే ఇంగ్లిష్ మాటగా వచ్చి, తప్పులా కనిపిస్తుంది.

కరోనావైరస్ యాంగ్జయిటీ స్కేలులో కదల్లేకపోవడం గురించిన ప్రశ్నదీ ఇదే కథ. ఉన్నదున్నట్టు తెస్తే ‘పక్షవాతం వచ్చినట్టు’ అవుతుంది. ఇంట్లో బీపీ మనిషి ఉన్నవాళ్ళు ఆ మాటకే బెదిరిపోతారు. మన దగ్గర దానికి సరైన మాట ‘కాళ్ళూ చేతులూ ఆడలేదు’. అయితే ఇందులోనూ ఒక మెలిక. ఆ మాట మనం తేలిగ్గా వాడేస్తాం. బస్సు తప్పిపోయినా కాళ్ళూ చేతులూ ఆడవు. పెద్ద భయానికి పెట్టిన గళ్ళో చిన్న కంగారు కూడా పడిపోతుంది, మార్కులు ఉబ్బుతాయి. ‘కొయ్యబారిపోయి, లేవాలన్నా లేవలేకపోయారా’ అని కాస్త బిగించి అడగాలి.

## ప్రశ్నలు ఒకే తాటి మీద ఉన్నాయా?

ఇప్పుడు అంకెల వంతు. ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చూడటానికి 1951లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రాన్‌బాక్ ప్రచారంలోకి తెచ్చిన ‘ఆల్ఫా’ అనే లెక్క వాడతారు. మామూలుగా సున్నాకూ ఒకటికీ మధ్య వస్తుంది. 0.7 దాటితే పర్వాలేదంటారు.

ఐదు ప్రశ్నలున్నాయనుకుందాం. మనిషికీ మనిషికీ జవాబుల్లో ఉండే తేడాను కొలిచే అంకెను వేరియన్స్ అంటారు. ఒక్కో ప్రశ్నకు అది 1 అనుకుంటే ఐదింటికీ కలిపి 5. ఇప్పుడు ప్రతి మనిషి మొత్తం మార్కులు కూడి, ఆ మొత్తాల వేరియన్స్ చూస్తాం. ప్రశ్నలకు ఒకదానితో ఒకటి సంబంధమే లేకపోతే అదీ 5 దగ్గరే ఉంటుంది, ఆల్ఫా సున్నా. ఐదూ అచ్చంగా ఒకే ప్రశ్నయితే 25 అవుతుంది, ఆల్ఫా 1. మధ్యలో 15 వచ్చిందనుకోండి: ఒకటిలోంచి 5/15 తీసేస్తే 0.67, దాన్ని 5/4తో గుణిస్తే 0.83. బాగుంది.

మరి 0.97 వస్తే ఇంకా బాగున్నట్టా? కాదు, అనుమానించాలి. ‘గుండె దడదడలాడుతోందా’, ‘గుండె వేగంగా కొట్టుకుంటోందా’, ‘గుండె గుబగుబలాడుతోందా’ అని ఒకే ప్రశ్నను మూడు చొక్కాలు మార్చి అడిగినా ఆల్ఫా ఆకాశంలోకి పోతుంది. కొత్తగా తెలిసేది సున్నా. ఇంకోటి, ఆల్ఫా ఎంత ఉన్నా కొలుస్తున్నది ఆందోళనే అని రుజువు కాదు. కోవిడ్ తగిలి తగ్గినవాళ్ళకు ఆయాసం, నీరసం, నిద్ర పట్టకపోవడం మూడూ కలిసే వస్తాయి. ఆ మూడు ప్రశ్నలూ ఒకే తాటి మీద ఉంటాయి. ఆ తాడు మాత్రం ఊపిరితిత్తులకు కట్టి ఉంటుంది. అందుకే ‘మీకు కోవిడ్ వచ్చిందా, ఎన్నాళ్ళయింది’ అన్న ప్రశ్న పక్కన లేకుండా ఒంటి లక్షణాల కొలతను నేనైతే నమ్మను.

## గీత ఎక్కడ గీయాలి

అయిదు ప్రశ్నల కరోనావైరస్ యాంగ్జయిటీ స్కేలులో మొత్తం 20 మార్కులు. మొదటి అధ్యయనంలో 9, ఆపైన వస్తే సమస్య ఉన్నట్టు అని గీత గీశారు. ఆ గీత దగ్గర, నిజంగా సమస్య ఉన్న వందమందిలో 90 మందిని అది పట్టుకుంది, లేని వందమందిలో 85 మందిని సరిగ్గా వదిలేసింది. ఇంత మంచి కొలతతో ఒక మండలంలో వెయ్యిమందిని అడిగామనుకుందాం. నిజంగా సమస్య ఉన్నది నూరుమందికే అనుకుందాం.

ఆ నూరుమందిలో 90 మంది దొరుకుతారు. మిగిలిన తొమ్మిది వందల మందిలో నూటికి 15 చొప్పున 135 మంది పొరపాటున గీత దాటుతారు. మొత్తం గీత దాటినవాళ్ళు 225. వాళ్ళలో నిజంగా సమస్య ఉన్నది 90 మందికే, అంటే నూటికి 40. పేపర్లో మాత్రం ‘22 శాతం మందిలో తీవ్ర ఆందోళన’ అని వస్తుంది, ఉన్నది 10 శాతమైతే. అదే కొలతను ఆస్పత్రిలో, సగం మందికి సమస్య ఉన్న వరుసలో వాడితే, గీత దాటినవాళ్ళలో నూటికి 86 మందికి నిజంగానే సమస్య ఉంటుంది. కొలత మారలేదు, నిలబెట్టిన చోటు మారింది.

ఆ గీత కూడా రాతిమీద గీత కాదు. ఆ స్కేలు తయారుచేసిన పరిశోధకుడే తర్వాత ఇంకో బృందంతో చేసిన అధ్యయనంలో 5 దగ్గర గీస్తే మేలని తేలింది. తొమ్మిదికీ ఐదుకూ మధ్య ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. అంతమంది ఒక్క అంకెతో రోగులవుతారు, లేదా కారు.

## ఎవరు అడిగారు, ఎవరిని అడిగారు

లాక్‌డౌన్‌లో చాలా సర్వేలు గూగుల్ ఫారంతో జరిగాయి. వేరే దారీ లేదు. అది కాలేజీ గ్రూపుల్లో, ఉద్యోగుల గ్రూపుల్లో తిరిగింది. కొత్తపట్నం తీరంలో వల ఆరబెట్టుకుని కూర్చున్న మనిషి దాకా రాలేదు. భయం ఎక్కువున్నవాడే ఓపిగ్గా ఫారం నింపుతాడన్నది ఇంకో వంకర. ఇంటికొచ్చి అడిగితే ఆ వంకర పోతుంది, వేరేది వస్తుంది. 2020లో ఆశా కార్యకర్తో వాలంటీరో వచ్చి ‘ఆయాసంగా ఉందా’ అంటే ఉన్నవాళ్ళు కూడా లేదన్నారు. చెబితే ఎక్కడికి తీసుకుపోతారోనని. అక్కడ అబద్ధమే ఆందోళనకు సాక్ష్యం, కాగితం మీద అది సున్నా.

ఏళ్ళ తేడాతో పోల్చేవాళ్ళకు ఇంకో చిన్న ఉచ్చు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. కందుకూరు నెల్లూరులో కలిసింది, గూడూరు, సూళ్ళూరుపేట తిరుపతికి పోయాయి, చీరాల, అద్దంకి బాపట్లకు పోయాయి. 2021లో ‘ప్రకాశం సగటు’, 2022 చివర్లో ‘ప్రకాశం సగటు’ రెండు వేర్వేరు జనాల సగటులు.

## మన కొలతా, అందరి కొలతా?

ఇక్కడ పరిశోధకులు రెండు వర్గాలు. ప్రపంచమంతా ఒకే కొలత వాడాలంటారు కొందరు. లేకపోతే ఇరాన్‌నూ ఇండియానూ, మొదటి వేవ్‌నూ రెండో వేవ్‌నూ పోల్చలేం. మహమ్మారి మధ్యలో కొత్త ప్రశ్నావళి తయారు చేసేలోపు వేవ్ దాటిపోతుందన్న వాదనలోనూ బలముంది. ఇంకో వర్గం, మనుషులు వాడని మాటలతో పోల్చినా పోల్చకపోయినా ఒకటేనంటుంది. కొందరు మధ్యే మార్గంగా, అందరికీ ఉమ్మడిగా ఐదో ఏడో ప్రశ్నలుంచి, వెనుక ఊరికి తగ్గవి నాలుగు కలుపుతారు. నాకు అదే సబబనిపిస్తుంది, కలిపిన నాలుగింటి మార్కులను ఆ ఉమ్మడి ప్రశ్నల మార్కుల్లో కూడనంతవరకు.

ప్రశ్నలతో పనేముంది, జనం ఏం చేశారో చూస్తే చాలదా అనేవాళ్ళూ ఉన్నారు. 2021 మేలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది బారులు తీరారు. అంతకన్నా పెద్ద కొలత ఏముంది? కానీ ఆ వరుసలో ఎవరెందుకు నిలబడ్డారో వరుస చెప్పదు. భయంతో వచ్చినవాళ్ళున్నారు, ఆస్పత్రిలో మంచం దొరక్క వచ్చినవాళ్ళున్నారు, నమ్మకంతో వచ్చినవాళ్ళున్నారు, పక్కింటివాళ్ళు తెచ్చి పెట్టమంటే వచ్చినవాళ్ళున్నారు. భయం మరీ ఎక్కువై ఇల్లు కదలనివాడు ఆ వరుసలో లేనే లేడు. చేతలను చూసి కొలిచినా, చివరికి ఎందుకు వచ్చావని అడగాల్సిందే.

## అడిగేశాక

ప్రశ్నల వరుసకు కూడా లెక్కుంది. ఇంట్లో ఎవరైనా పోయారా అన్నది మొదట్లో అడిగితే తర్వాతి జవాబులన్నీ దాని నీడలో వస్తాయి. చివర్లో అడిగితే ఆ మనిషిని అక్కడే వదిలేసి లేచి రావాల్సి వస్తుంది. అందుకే మధ్యలో పెడతారు. గీత దాటినవాళ్ళకు ఏం చెప్పాలో కూడా ముందే రాసుకుంటారు. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, దాన్ని చీటీ మీద రాసిచ్చి వస్తారు. ఇక ఆఖరి ప్రశ్న తేలికైనది ఉండాలి, ‘ఈ పదిహేను రోజుల్లో ఎవరితో మాట్లాడితే మనసు కుదుటపడింది?’ లాంటిది. దానికి మార్కులుండవు, ఆల్ఫా లెక్కలోకీ రాదు. సర్వేకి పోయొచ్చినవాళ్ళు మాత్రం, అక్కడే ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తుందని చెబుతారు.